ఖాళీ తూటాను మరల నింపువారు

తుపాకి ప్రేలిన పిమ్మట నేలపై బడు ఇత్తడి గుల్లను చూచినవారు దాని పని ముగిసినదనియే తలతురు. దీపావళి మరునాటి ఉదయమున వాకిట బడియుండు టపాకాయల కాగితములవలె అదియు ఊడ్చి పారవేయదగిన వస్తువే యని తోచును. కాని అమెరికా సంయుక్తరాష్ట్రములలో గురిపందెములయందు అభిరుచిగల గృహస్థులు అట్లు తలపరు. వారు వంగి ఆ గుల్లలను ఏరుకొందురు, సంచిలో వేసికొని ఇంటికి గొనిపోవుదురు, తీరికవేళ వానిని శుభ్రపరచి మరల మందు నింపి, గుండు అమర్చి, క్రొత్త తూటాలుగా చేసికొందురు. ఒక్కొక్క గుల్ల ఇట్లు పెక్కుమారులు పనికివచ్చును. అచ్చట ఇది లక్షలాదిమంది ఇండ్లలో, గారేజీ మూలనో నేలమాళిగలోనో, వడ్రంగిపనివలె, గడియారముల మరమ్మతువలె సాగుచున్న ఒక చేతిపని.

ముందుగా ఒక సంగతి స్పష్టము చేయవలెను. మన దేశములో ఇది ఇంట చేయదగిన పని కాదు. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేకుండ తూటాలను తయారుచేయుట నేరము. తూటా భాగములు, తూటాలను చేయు యంత్రములు సైతము ఆ చట్టము దృష్టిలో మందుగుండు సామగ్రియే. ఇంట తుపాకి ఉంచుకొనుటకు లైసెన్సు పొందినంతమాత్రమున తూటా చేయు హక్కు సంక్రమింపదు. అమెరికాలో సొంత వాడుకకై నింపుకొనువానికి కేంద్రప్రభుత్వపు లైసెన్సు అక్కరలేదు. వ్యాపారముగా చేసి అమ్మువానికే అది కావలెను. కొన్ని రాష్ట్రములలో మాత్రము ప్రత్యేక నిబంధనలు కలవు. కావున నేను చెప్పబోవునది అచ్చటి ఇండ్ల ముచ్చట. ఐనను మన తెలుగు కుటుంబములు నేడు ఆ దేశమున పెక్కు స్థిరపడియున్నవి. ఇరుగుపొరుగు ఇండ్లలో ఈ పని వారి కంటబడుచునే యుండును. అందు అపాయము ఎచ్చట పొంచియున్నదో, దానిని ఎట్లు తప్పించుకొందురో ఎరిగియుండుట వారికిని, వారిని చూడబోవు మనకును మంచిదే.

నాకు ఈ విషయము తెలిసినది పుస్తకములవలన కాదు. కొన్నేండ్ల క్రిందట పెన్సిల్వేనియా రాష్ట్రములో మా అమ్మాయి ఇంట కొన్ని మాసములు గడిపితిని. ప్రక్క ఇంటి పెద్దాయన లేతు యంత్రముపై నలువదేండ్లు పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న మనిషి. ఒకనాడు ఆయన తన నేలమాళిగలోని పనిబల్లను చూపుటకు నన్ను పిలిచెను. బల్లపై ఉపకరణములు పూజాగదిలోని సామగ్రివలె ఒద్దికగా అమర్చియుండెను. నా దృష్టి వానిపై నిలువలేదు. బల్లకు ఎదురుగా గోడమీద, మనము దేవుని పటము తగిలించు ఎత్తున, పగిలిన రివాల్వరు ఒకటి మేకుకు వ్రేలాడుచుండెను. దాని కథ తరువాత చెప్పెదను. ఆ కథ అర్థమగుటకు ముందు తూటా అననేమో తెలియవలెను.

తూటాలో నాలుగు భాగములు కలవు. మొదటిది ఇత్తడి గుల్ల. రెండవది గుల్ల అడుగున నడిమిభాగమున అమరియుండు ప్రైమరు, అనగా నిప్పు పుట్టించు చిన్న లోహపు టోపీ. మూడవది మందు. నాలుగవది గుల్ల నోట బిగించిన గుండు. మీట నొక్కినప్పుడు తుపాకిలోని సూది ప్రైమరును పొడుచును. అందుండి వెడలిన నిప్పు చిన్న రంధ్రముగుండ మందునంటును. మందు క్షణములో వాయువుగా మారి గుండును ముందుకు త్రోయును. ఇదంతయు సెకండులో కొన్ని వేయవవంతుల కాలములో ముగియును.

1857లో మన సిపాయిల చేతికి వచ్చిన ఎన్ఫీల్డు తూటా కాగితపు పొట్లము. దానిని పంటితో చించి మందు తుపాకిగొట్టములో పోయవలసియుండెను. కొవ్వు పూసిన ఆ కాగితమువలన జరిగినదేమో చరిత్ర చదివిన బాలురందరికి తెలియును. కాగితపు తూటాలో మిగులునది ఏదియు లేదు గనుక మరల నింపుటయను ప్రశ్నయే లేదు. ఇత్తడి గుల్ల వచ్చిన తరువాతనే ఈ పని పుట్టినది. కాల్చిన గుల్లలో నిజముగా ఖర్చైనది ప్రైమరు, మందు, గుండు మాత్రమే. తూటాలో కెల్ల వెలగల భాగమైన ఇత్తడి చెక్కుచెదరక చేత మిగులును.

ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగము. ఈ పాళ్లలో కలిసిన లోహమునకు ఒక గుణము కలదు. ప్రేలుడు ఒత్తిడికి గుల్ల ఉబ్బి తుపాకి అర గోడలకు అంటుకొనిపోవును. అందువలననే వేడివాయువు వెనుకకు, అనగా కాల్చువాని ముఖముపైకి, రాదు. ఒత్తిడి తగ్గినవెంటనే గుల్ల కొంచెము ముడుచుకొని వదులై సులభముగా ఊడివచ్చును. ఐతే మొదటి కొలతకు మాత్రము పూర్తిగా రాదు. కావున దానిని మరల వాడవలెనన్నచో గట్టి ఉక్కు అచ్చులోనికి నొక్కి తొలి కొలతకు తేవలెను. ఉబ్బుట, నొక్కుట, మరల ఉబ్బుట - ఇట్లు జరిగినకొలది ఇత్తడి బిరుసెక్కును. మన కంచరివారు ఇది తరతరములుగా ఎరుగుదురు. కొట్టికొట్టి బిరుసెక్కిన చెంబును కొలిమిలో కాచి మెత్తపరచుకొందురు. పిస్తోలు గుల్లకు సాధారణముగా ఆ ఉపచారము చేయరు. నోటికడ సన్నని నెఱ్ఱె విచ్చినదా, దానిని పారవేయుటయే.

ప్రైమరు విషయములో ఒక చమత్కారము కలదు. 1866వ సంవత్సరమునందే ఇద్దరు మనుష్యులు, సముద్రమునకు ఈ దరి నొకరు ఆ దరి నొకరు, రెండు విధముల ప్రైమర్లకు పేటెంటులు పొందిరి. ఇంగ్లండులో వూలిచ్ ఆయుధశాలకు చెందిన ఎడ్వర్డు బాక్సరు ఒకడు, అమెరికాలో హైరం బెర్డాను ఒకడు. కాలక్రమమున ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడినది, అమెరికనుని పద్ధతి యూరపుఖండమున వ్యాపించినది! బాక్సరు పద్ధతిలో గుల్ల అడుగున నట్టనడుమ ఒకే రంధ్రము ఉండును. సన్నని సూదిని పైనుండి దింపి కాలిపోయిన ప్రైమరును ఒక్క పోటుతో వెలికి నెట్టవచ్చును. బెర్డాను పద్ధతిలో ప్రక్కలను చిన్న రంధ్రములుండును. సూదికి దారి దొరకదు. అమెరికాలో ఇంటింట ఈ పని వ్యాపించుటకు ఆ ఒక్క రంధ్రము గొప్ప కారణమైనది.

1884లో కనెక్టికటు రాష్ట్రపు న్యూహేవెను నగరమున జాన్ బార్లో అనునతడు ఐడియల్ అను పేర ఒక సంస్థను స్థాపించి చేతితో నొక్కు ఉపకరణములను అమ్మసాగెను. వాని రూపము మన అడకత్తెరను పోలియుండును. పోకచెక్క ఉండవలసినచోట గుల్ల ఉండును, అంతే భేదము. అంగళ్లకు దూరముగా కొండలలో, మైదానములలో తిరుగు వేటకాండ్రకు అది జేబులో ఇముడు కర్మాగారము. 1925లో ఆ సంస్థను లైమను సంస్థవారు కొనిరి. రెండవ ప్రపంచయుద్ధకాలమున తూటాలు, గుండ్లు దొరకుట దుర్లభమైనప్పుడు ఈ పనికి క్రొత్త ఊపు వచ్చినది. 1943లో కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టను గుండ్లను అచ్చొత్తు ఉపకరణమును చేసి ఒక పరిశ్రమకు అంకురార్పణ చేసెను. 1949లో నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ తన గుండ్ల సంస్థను నెలకొల్పెను. నేడు బల్లకు బిగించి పెద్ద మీటతో నొక్కు యంత్రములు వచ్చినవి. మీటను ఒకమారు లాగగానే నాలుగైదు పనులు ఒకేసారి జరుగు యంత్రములును కలవు. మా పొరుగాయన బల్లమీద ఉన్నది మాత్రము ఒక్కమారు ఒక్క పనియే చేయు పాతకాలపు యంత్రము. అది ఎందుకో ఆయన కథలోనే ఉన్నది.

ఇక మందు. అపాయమంతయు ప్రధానముగా ఇచ్చటనే యున్నది గనుక కొంచెము నిదానముగా చెప్పవలెను.

మన తాతల నాటి తుపాకిమందు నల్లమందు. సురేకారము, బొగ్గు, గంధకము కలిపి నూరినది. అది చాల పొగ చిమ్మును, తూనికకు తగిన బలమీయదు. అందుచేత తూటాలో నిండుగా పోయవలసియుండెను. 1884లో ఫ్రాన్సుదేశపు రసాయనవేత్త పాల్ వియే పొగలేని మందును సాధించెను. దూదివంటి పదార్థమును నత్రికామ్లముతో మార్చి, దానిని ముద్దచేసి, పలుచని పలుకులుగా కోసి ఆరబెట్టుట ఆ విద్య. ఈ పొగలేని మందు నల్లమందుకంటె చాల బలమైనది. దాని స్వభావములో వింత యొకటి కలదు. ఆరుబయట కొంచెము పోసి అంటించినచో భగ్గున మండిపోవును గాని ప్రేలదు. మూసిన చోట మండినచో ఒత్తిడి పెరుగును. ఒత్తిడి పెరిగినకొలది మరింత వేగముగా మండును. వేగముగా మండినకొలది ఒత్తిడి ఇంకను పెరుగును. అందుచేత మందు రెట్టింపైనచో ఒత్తిడి రెట్టింపగుటతో ఆగదు, అంతకు మించిపోవును.

ఈ మందును తూచు కొలత గ్రెయిను. 7000 గ్రెయినులు ఒక పౌను. మన లెక్కలో చెప్పవలెనన్న, కంసాలి త్రాసులో వేయు గురివిందగింజ ఎత్తులో గ్రెయిను ఇంచుమించు సగము. మన ఇండ్లలో బంగారము తూచునప్పుడు గురివిందగింజ ఎత్తుకు ఎంత వాదులాట జరుగునో మీరెరుగుదురు. అచ్చట తూటా నింపువాడు ఆ సగము గింజలో పదవవంతును లెక్కింపవలెను.

ఇప్పుడు 38 స్పెషల్ అను తూటాను తీసికొందము. అమెరికాలో రివాల్వరుతో గురి అభ్యసించువారికి ఇది అత్యంత పరిచితము. ఇది 19వ శతాబ్ది చివర, నల్లమందు కాలము అస్తమించుచున్న దినములలో పుట్టినది. గుల్ల లోపలి చోటు ఆ నల్లమందుకు తగినట్లు విశాలముగా చేసిరి. 20 గ్రెయినులకు పైగా అందు పట్టును. కాలము మారెను, మందు మారెను, గుల్ల మాత్రము మారలేదు. నేడు కాగితపు గురికి కాల్చు తేలిక తూటాలలో పోయు పొగలేని మందు, రకమునుబట్టి, కొద్ది గ్రెయినులు మాత్రమే. పొడవైన గ్లాసు అడుగున చెంచాడు పాలు పోసినట్లు అది గుల్ల అడుగున ఎక్కడనో ఉండును. ఆ గుల్లలో పొరపాటున రెండవమారు పోసినను పొంగిపొరలదు. మూడవమారు పోసినను పట్టుట కద్దు. పైన గుండు అమర్చినపిమ్మట లోపల ఉన్నది ఒక పాలో రెండు పాళ్లో కంటికి తెలియదు.

ఆ తూటాకు అమెరికాలో అంగీకరించిన గరిష్ఠపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 17,000 పౌనులు. ఈ హద్దులను నిర్ణయించు తయారీదారుల సంఘము 1926లో ఏర్పడినది. కారు చక్రములోని గాలి ఒత్తిడి 30 పౌనుల చుట్టుపట్ల నుండునని జ్ఞాపకము తెచ్చుకొన్నచో 17,000 అననేమో ఊహకు అందును. 9 మిల్లీమీటర్ల పిస్తోలు తూటాకు ఆ హద్దు 35,000. రివాల్వరు ఉక్కు వీనిని భరించుటకే చేయబడినది. కొంత మించినను ఓర్చుకొనును. కాని ఓర్పునకు మేర కలదు.

మా పొరుగాయన రివాల్వరు ఆ మేర దాటినది. అప్పట్లో ఆయన ఒక సాయంకాలము 50 గుల్లలకు మందు పోయుచుండెనట. ఒక్కొక్క గుల్లను తీసి, కొలత పాత్రక్రింద పెట్టి, పిడి త్రిప్పి, బల్లమీద ప్రక్కన పెట్టుట. నడుమ టెలిఫోను మ్రోగెను. చేతిలోని గుల్లను అట్లే దించి మాటలాడి వచ్చెను. ఏవో కుటుంబ విషయములు. తిరిగివచ్చి కూర్చున్నప్పుడు మనస్సు ఇంకను ఆ మాటలయందే యుండెను. చేతిలోనికి తీసికొన్న గుల్లలో మందు పోసినదో పోయనిదో చూచుకొనలేదు. పిడి త్రిప్పెను. గుండు అమర్చెను. ఆ తూటా తక్కిన 49 తూటాలతో కలిసి పెట్టెలోనికి చేరెను.

రెండు వారముల తరువాత గురిమైదానమున, పెట్టెలో సగము కాల్చినపిమ్మట, దాని వంతు వచ్చెను. రివాల్వరు తిరుగుదిమ్మెలో మూడు అరలు విచ్చుకొని పైభాగము లేచిపోయెను. పైనున్న ఉక్కుపట్టె విల్లువలె వంగెను. ఇత్తడి తునక యొకటి కంటియద్దమును తాకి గీత పెట్టి ఎగిరి నుదుట గ్రుచ్చుకొనెను. అద్దము లేకున్న అది కంటిలోనికే పోయెడిది. ప్రక్కన నిలిచినవారికి దెబ్బ తగులకపోవుట అదృష్టమని ఆయన మాట. ఆ నుదుటి మచ్చ నేను చూచితిని, ఆవగింజంత ఉండెను.

నేనడిగితిని: “మిగిలిన తూటాలలో మరియొకటి అట్టిది కలదేమో తూచి చూచినచో తెలియదా?” ఆయన నవ్వి త్రాసు తెచ్చి పది ఖాళీ గుల్లలను ఒక్కొక్కటిగా తూచి చూపెను. ఒకే సంస్థ చేసిన గుల్లలయందే కొన్ని గ్రెయినుల తేడా కనబడెను. గుండ్లలోను కొంత తేడా ఉండును. మందు తూనికయే ఆ తేడాలలో మునిగిపోవునప్పుడు, నిండుతూటాను తూచి లోపలి మందును కనుగొనుట ఎట్లు? ఆయన నాడు మిగిలిన తూటాలన్నిటి గుండ్లను ఊడబెరికి మందు విడదీసి చూచెనట. అన్నియు సరిగానే ఉండెను. తప్పు ఒక్కటే. ఆ ఒక్కటియే చాలినది.

రెట్టింపు మందుకు తోబుట్టువుగా మరియొక అపాయము కలదు. అది బొత్తిగా మందు లేకపోవుట. వినుటకు ఇది అపాయముగా తోచదు. కాని ప్రైమరు బలము మాత్రముననే గుండు గుల్ల వీడి గొట్టములో కొంతదూరము పోయి ఇరుకుకొనును. చప్పుడు పేలవముగా వినబడును. కాల్చువాడు “తూటా చెడినది” అనుకొని వెంటనే రెండవమారు మీట నొక్కెనా, క్రొత్త గుండు దారికి అడ్డముగా పాత గుండు నిలిచియుండును. గొట్టము ఉబ్బుటయో పగులుటయో జరుగును. చప్పుడు తేడాగా వినబడిన మరుక్షణము కాల్చుట ఆపి, తుపాకి ఖాళీచేసి, గొట్టములో ఏమున్నదో చూడవలెనని వారి కట్టడి.

ఈ రెండు తప్పులకును మందొకటే: గుండు అమర్చుటకు ముందు గుల్లలోనికి చూచుట. అందుకై ఒక కొయ్యదిమ్మె ఉపయోగింతురు. దానికి 50 గుంటలు, వరుసకు పది. మందు పోసిన గుల్లలన్నిటిని నోరు పైకుండునట్లు అందు నిలిపి, టార్చిలైటు పట్టి, వరుస తరువాత వరుస లోనికి చూతురు. ఏబది గుల్లలలో మందు మట్టము ఒకే ఎత్తున కనబడవలెను. ఒక పాలుకంటె రెండు పాళ్లు స్పష్టముగా ఎత్తుగా కనబడును. ఖాళీగుల్ల నల్లని నూతివలె కనబడును. అంత సులభమైన పరీక్ష! చదువు అక్కరలేదు, యంత్రము అక్కరలేదు. కాని ప్రతిమారును చేయవలెను. వేయిమారులు ఏమియు కనబడకపోయినను వేయిన్నొకటవమారు చూడవలెను. మనిషికి కష్టమైనది అదియే. నడుమ లేవవలసివచ్చినచో మందు పోసిన గుల్లలన్నిటిని మరల డబ్బాలోనికి కుమ్మరించి మొదటినుండి ప్రారంభింతురు. అది వృథాశ్రమ కాదా యని నాకు తోచినది; గోడవంక చూచి ఊరకుంటిని.

బల్లమీద ఒక్కసారి ఒక్క మందుడబ్బా మాత్రమే ఉండవలెను. మందులు పెక్కు రకములు. ఒకటి వేగముగా మండును, మరియొకటి మెల్లగా. కంటికి మాత్రము చాలవరకు ఒకే బూడిదరంగు పలుకులు. పేరు చెరిగిన డబ్బాలోని మందును వాసన చూచియో రంగు చూచియో పోల్చుకొందునన్నవానిని నమ్మరాదు. అట్టిదానిని ఉపయోగింపరు. పని ముగియగానే కొలతపాత్రలో మిగిలినది దాని డబ్బాలోనికే పోవలెను. నల్లమందు కొలతకు బదులు పొగలేని మందును అదే పరిమాణమున పోయుట మరియొక ఘోరమైన తప్పు. పాతకాలపు తుపాకులు ఇట్లు పగిలిన సందర్భములు కలవు.

ఎంత మందు పోయవలెనన్నది నోటిమాటగా తీసికొనరు. మందు చేయువారును గుండ్లు చేయువారును పరీక్షాశాలలలో ఒత్తిడి కొలిచి అచ్చువేసిన పుస్తకములు కలవు. అందు ఒక్కొక్క గుండుకు, ఒక్కొక్క మందుకు క్రిందిహద్దు, పైహద్దు ఉండును. క్రింది కొలతతో మొదలిడి, తుపాకి ఎట్లు భరించుచున్నదో గమనించుచు కొద్దికొద్దిగా హెచ్చింతురు. గుండు మారినను, ప్రైమరు మారినను మరల క్రిందినుండియే. ముఖ్యముగా గుండును గుల్లలోనికి ఎంత లోతున దించుచున్నారో కొలిచి చూడవలెను. 9 మిల్లీమీటర్ల తూటావంటి చిన్న గుల్లలో గుండు కొంచెము లోతుగా దిగినచో లోపలి చోటు తగ్గి, మందు హెచ్చింపకయే ఒత్తిడి హెచ్చిపోవును. నేను ఈ ప్రసంగములో మందు కొలతలేవియు చెప్పకుండుటకు కారణము గూడ ఇదియే. పుస్తకము దాటి వచ్చిన అంకె అపాయకరము.

ఆయన బల్లకు కుడివైపున ఒక చిన్న బీరువా, దానిపై ఖాళీచోటు ఉండెను. “పూర్వము ఇచ్చట రేడియో ఉండెడిది” అని ఆయన చెప్పెను. రేడియో పత్రిక చదువు మీకు ఈ మాట నచ్చకపోవచ్చును. నాకును మొదట నచ్చలేదు. కాని సంగీతము వినుచు అన్నము తినవచ్చును, కూరలు తరుగవచ్చును. లెక్కపెట్టు పని మాత్రము చేయరాదు. ఒక పాట ముగిసి మరియొకటి మొదలగునప్పుడు మనస్సు ఒక్క క్షణము అటు పోవును. ఆ క్షణములోనే పిడి రెండుమార్లు తిరుగును. అందుచేత ఆ గదిలో రేడియో లేదు, టెలివిజను లేదు. గోడకున్న టెలిఫోను తీగను సైతము ఆయన పనికి కూర్చొనుటకు ముందు ఊడదీసి బల్లపై పెట్టెను. జేబులోని సెల్ఫోను మేడపైననే వదలి వచ్చెను.

మందును ఎచ్చట దాచవలెనన్న సంగతి నన్ను ఆశ్చర్యపరచినది. గట్టి ఇనుపపెట్టెలో పెట్టి బిగించుటయే క్షేమమని మనకు తోచును. అది సరిగా విరుద్ధము. పొగలేని మందు మూసిన చోట ప్రేలును, విడిచినచోట మండును అని చెప్పితిని గదా. బిగుతైన ఇనుపపెట్టెకు అగ్నిప్రమాదమున నిప్పు తగిలినచో ఆ పెట్టెయే బాంబు అగును. అందుచేత మందు అమ్మెడి డబ్బాలనే ఒత్తిడికి సులభముగా విచ్చుకొనునట్లు బలహీనముగా చేయుదురు. దానిని ఆ డబ్బాలోనే ఉంచవలెను. సీసాలోనికో ఇత్తడిచెంబులోనికో మార్చరాదు. అచ్చటి జాతీయ అగ్నినివారణ సంఘమువారి నియమావళిలో ఇండ్లలో 20 పౌనుల వరకు మొదటి డబ్బాలలోనే ఉంచవచ్చునని యున్నది. అంతకు మించినచో, 50 పౌనుల వరకు, అంగుళము మందము గల కొయ్యపెట్టెలో ఉంచవలెను. కొయ్య వేడిని మెల్లగా లోనికి పంపును, ఒత్తిడి వచ్చినప్పుడు తొందరగా విడిపోవును. ప్రైమర్లు ఇంటిలో 10,000 మించరాదు. ఇవి మందువలె శాంతస్వభావము గలవి కావు. దెబ్బకు ప్రేలుటయే వీని పని. కొన్న పెట్టెలలో ఒకదానికొకటి తగులకుండ విడివిడి గుంటలలో అమర్చియుండుట ఊరక కాదు. వానిని గలగలమని ఒక గాజుసీసాలో పోసి ఉంచినచో, ఒకటి ప్రేలినప్పుడు తక్కినవన్నియు దానితోపాటు ప్రేలి గాజుపెంకులను గదినిండ చిమ్మును. ప్రైమర్లను, మందును వేరువేరు తావులందు, పొయ్యికి దూరముగా, తాళము క్రింద ఉంచవలెను.

కంటికి కనబడని హాని ఒకటి మిగిలినది, అది సీసము. ప్రైమరులో సాధారణముగా సీసపు లవణము ఉండును; కాలిన పిమ్మట దాని మసి గుల్లలో నిలుచును. గుండ్లలోనిదియు ముఖ్యముగా సీసమే. పాత గుల్లలను శుభ్రపరచుటకు నలుగగొట్టిన అక్రోటు చిప్పలతోనో మొక్కజొన్న బెండుపొడితోనో కలిపి ఒక పీపాలో గంటలకొలది దొర్లింతురు. అప్పుడు లేచు దుమ్ములో సీసము ఉండును. పెద్దలకు అది మెల్లని విషము. పసిపిల్లలకు కొంచెమైనను క్షేమమని చెప్పదగిన మోతాదు లేదని వైద్యుల నిర్ణయము. తెలివిని, ఎదుగుదలను అది కుంటుపరచును. ఈ సంగతి ఎక్కువమంది పట్టించుకొనరని ఆయనే చెప్పెను. ప్రేలుడుకు భయపడువారు దుమ్ముకు భయపడరు. ఆయన ఆ పీపాను ఇంటిలో పెట్టడు, పెరటిలో మూతవేసి త్రిప్పును, ముక్కుకు గుడ్డ కట్టుకొనును. బల్లదగ్గర కాఫీ త్రాగడు, ఏదియు నోట పెట్టుకొనడు. ఆ గదిలో నేలను చీపురుతో ఊడ్వడు, తడిగుడ్డతో తుడుచును. ఆనాడు ఆయన మనుమరాలు, ఐదేండ్ల పిల్ల, మెట్లమీదకు వచ్చి తొంగిచూచినది. ఆయన గట్టిగా ఏమియు అనలేదు. చేయెత్తి చూపగానే ఆ పిల్ల పైకి వెడలిపోయినది. అది వారి మధ్య ఎప్పటినుండియో ఉన్న ఒప్పందమని తెలిసినది.

ఆ సాయంకాలము ఆయన 50 తూటాలు ముగించుటకు గంటకు పైగా పట్టెను. క్రొత్త యంత్రముతో నిమిషములలో కావలసిన పని. కంటియద్దములు పెట్టుకొనియే ప్రైమర్లను అమర్చెను, టార్చి పట్టి వరుసలన్నియు రెండుమార్లు చూచెను, నన్నుగూడ ఒకమారు చూడుమనెను. ఏబది గుల్లలలోను మందు ఒకే మట్టమున ఉండెను. గుండ్లు బిగించినపిమ్మట తూటాలను పెట్టెలో పేర్చి, మూతపై ఒక చీటీ అతికించెను. తేదీ, మందు పేరు, తూనిక, గుండు బరువు, ప్రైమరు రకము. అడుగున ఇంకొక పంక్తి: ‘నా తుపాకికి మాత్రమే’. పరులు నింపిన తూటాను ఆయన కాల్చడు, తాను నింపినది పరులకు ఈయడు. స్నేహితుడు అడిగినను ఈయడు. తుపాకులు చేయు సంస్థలలో పెక్కు, ఇంట నింపిన తూటావలన కలిగిన నష్టమునకు హామీ వర్తింపదని ముందే వ్రాసియుంచునట.

మందుడబ్బాను దాని పెట్టెలో పెట్టి తాళము వేసెను. చల్లని నీటితో, సబ్బుతో మోచేతులవరకు కడుగుకొనెను. పిమ్మట టెలిఫోను తీగను మరల గోడకు తగిలించెను.